తాడు మందం లెక్క తప్పితే ఓడంతా మోకులే: కిట్ ఓడల మీద కొన్ని అపోహలు - వాస్తవాలు

కార్తీక పున్నమి తెల్లవారుజామున మా బరంపురంలో ప్రతి చెరువు గట్టూ ఓడరేవే. అరటి దొప్ప, రంగు కాగితం, బెండు, ఎవరికి దొరికినదానితో వాళ్ళు పడవ చేసి దీపం పెట్టి వదులుతారు. ఒడియా వాళ్ళు దీన్ని బొయితొ బందాణొ అంటారు. ఆ పడవలకి స్కేలు లేదు, లెక్క లేదు, అయినా చూడముచ్చటగా ఉంటాయి. నేను నమూనా ఓడలు కడతాను కనుక ఆ పండగ దాటిన వారం నుంచి నా ఫోను మోగుతూనే ఉంటుంది. అటక మీద సగంలో ఆపేసిన కిట్ ఓడ, అంటే పెట్టెలో ముక్కలుగా వస్తే ఇంట్లో కూర్చుకునే నమూనా, అప్పుడే గుర్తొస్తుంది కాబోలు.

ఈసారి ఇచ్ఛాపురం నుంచి ఒక మాస్టారు వచ్చారు. రిటైరై నాలుగేళ్ళు. కొడుకు విదేశం నుంచి పంపిన కిట్, రెండు స్తంభాల తెరచాప ఓడ (బ్రిగ్), 1:64 స్కేలు, అంటే అసలు ఓడలో 64వ వంతు. బట్టలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు. హల్, అంటే ఓడ పొట్ట, చూసి నాకు అసూయ కలిగింది. అంత శుభ్రంగా పలకలు అతికించారు. పైకి చూస్తే మాత్రం బావి చేదకి కట్టే మోకులు ఓడ మీద ఆరేసినట్టుంది. స్తంభాలు కనబడవు, అన్నీ తాళ్ళే.

"నా చేతులు వణుకుతున్నాయి బాబూ, అందుకే ఇలా వచ్చింది. ఇంక నావల్ల కాదు, నువ్వే పూర్తి చేసిపెట్టు" అన్నారు.

చేతుల తప్పు కాదు. కిట్‌తో వచ్చిన దారం బాగోలేదని ఎవరో చెబితే, అసలు ఓడల తాళ్ళ కొలతల పట్టిక ఒకటి సంపాదించి, దాని ప్రకారం లెక్క కట్టి, మంచి దారం రెండుసార్లు బయటి దేశం నుంచి తెప్పించారు. సుంకంతో కలిపి కిట్ ఖరీదులో సగం దాటింది. లెక్క కూడా తప్పు కాదు. ఆ కాగితం నాకు చూపించారు, లెక్కల మాస్టారి అక్షరాలు, అంకె అంకెకీ సరిపోయింది. పట్టికలో 3 అని ఉన్నచోట ఆయన "మూడంగుళాల మందం" అని చదువుకున్నారు. అక్కడే దెబ్బతిన్నారు.

అపోహ: పట్టికలో తాడు పక్కన రాసిన అంగుళాలు దాని మందం.

వాస్తవం: కాదు, చుట్టుకొలత. పాత ఇంగ్లిషు ఓడల పట్టికలన్నిటిలోనూ తాడును చుట్టుకొలతతోనే చెబుతారు. నొక్కితే అణిగే వస్తువు, మందం కొలవడం కష్టం, చుట్టూ పట్టీ వేసి కొలవడం తేలిక. మూడంగుళాల తాడంటే మందం ఒక అంగుళం కూడా ఉండదు. 1:64లో అది 0.38 మిల్లీమీటర్లు రావాలి. మాస్టారు వేసింది 1.2. ఒక తాడు మూడింతలు లావైతే కంటికి ఆనకపోవచ్చు. ఓడ మీద తాళ్ళన్నీ మూడింతలైతే అది ఓడలా ఉండదు.

నేను వాడే అడ్డదారి ఒకటుంది, రాసి పెట్టుకోండి. పట్టికలోని అంగుళాలను 8తో గుణించి, మీ స్కేలు అంకెతో భాగించండి. వచ్చేది మిల్లీమీటర్లలో మందం. 18 అంగుళాల స్టే (స్తంభాన్ని ముందువైపు నుంచి లాగిపట్టే తాడు) ఉందనుకోండి, 18 ఎనిమిదులు 144, దాన్ని 64తో భాగిస్తే 2.25. అంతే. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు, దాన్ని 3.14తో భాగిస్తే 8కి కాస్త పైన, అందుకని 8.

దారం మందం కొలవడానికి యంత్రం అక్కర్లేదు. పెన్సిల్‌కి ఇరవై చుట్లు దగ్గర దగ్గరగా, పైకెక్కకుండా చుట్టండి. స్కేలుతో కొలిచి ఇరవైతో భాగించండి. ప్యాకెట్ మీద రాసిన అంకె నమ్మకండి.

ఇది చెప్పగానే ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. పోయినేడు పర్లాకిమిడి కుర్రాడొకడు నా మాట శ్రద్ధగా విని, ఇంటికెళ్ళి స్తంభాల కొలతల్ని కూడా మూడుతో భాగించేశాడు. అగరుబత్తీల్లాంటి స్తంభాలతో ఫొటో పంపాడు. స్తంభాలు, తెరచాపలు కట్టే అడ్డవాసాలు, వీటి కొలత మందమే. చుట్టుకొలత తాళ్ళకి మాత్రమే. ఆ పిల్లాడిని నేను తిట్టలేదు. సగం చెప్పి ఊరుకున్నది నేనే.

నన్ను చూసి నవ్వుకోవాలంటే నా రెండో ఓడ ఉంది. మాస్టారి తప్పే నేనూ చేశాను, అదీ తెలియకుండా మూడేళ్ళు ముందుగదిలో పెట్టుకున్నాను. మా నాన్న వడ్రంగి. ఓడలు ఆయనకేం తెలియవు. ఒకరోజు దాని ముందు నిలబడి, "ఇన్ని లావు తాళ్ళు చేత్తో పట్టుకు లాగేవాళ్ళురా? ఒక్కో తాడుకి ఎంతమంది కావాలి?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. ఆ రాత్రి కత్తెర తీసుకుని కూర్చున్నాను.

అప్పట్నుంచి నా బల్ల మీద ఒక అట్టమనిషి ఉంటాడు. పేరు సరంగు. ఆరడుగుల మనిషి 1:64లో 28.6 మిల్లీమీటర్లు, ఆ ఎత్తుకి పెళ్ళిపత్రిక అట్ట కత్తిరించి చేశాను. వచ్చిన ప్రతివాళ్ళకీ ఒకడిని చేసి ఇస్తాను. కిట్‌కి ఏది చేర్చాలన్నా ముందు సరంగుని పక్కన నిలబెట్టండి. ఈ తాడు వాడి పిడికిట్లో పడుతుందా, ఈ తలుపులోంచి వాడు దూరతాడా, ఈ రెయిలింగ్ వాడి నడుముకి వస్తుందా మోకాలికి వస్తుందా? మాస్టారి ఓడ రాట్‌లైన్ల మీద, అంటే స్తంభం ఎక్కడానికి కట్టే తాడు మెట్ల మీద, వాడిని నిలబెట్టాం. పది మిల్లీమీటర్లకి ఒకటి కట్టారాయన, అంటే అసలు ఓడలో మెట్టుకి మెట్టుకి రెండడుగుల పైన. సరంగు పాపం కాళ్ళు చాపుకుని ఎక్కాలి. అసలు దూరం 13 నుంచి 15 అంగుళాలు, 1:64లో అయిదారు మిల్లీమీటర్లు. మాస్టారు మొదటిసారి అప్పుడు నవ్వారు.

తాడు సంగతి వచ్చింది కనుక పురి గురించి కూడా. తాడును నిలువుగా పట్టుకుంటే పురి కింద ఎడమ నుంచి పైన కుడికి ఎక్కాలి, మామూలు మూడుపేటల తాడు అలాగే ఉంటుంది, ఇది కుడి పురి. అలాంటివి మూడు కలిపి ఎదురు పురితో పేనితే లంగరు మోకు, అది ఎడమ పురి. బజార్లో దొరికే కుట్టుదారం చాలావరకు కుడి పురే. కనుక మూడు కలిపి మీరు పేనితే ఎడమ పురి మోకు వస్తుంది, అది లంగరుకి పనికొస్తుంది, స్తంభాలను పక్కల నుంచి లాగిపట్టే ష్రౌడ్లకి పనికిరాదు. మా ఊరు పట్టుకి పేరు. నేత ఇళ్ళల్లో దారానికి పురి ఎక్కించడం చిన్నప్పట్నుంచి చూస్తూ పెరిగాను కాబట్టి ఇది నాకు వేరే చదువు అనిపించలేదు. మూడు దారాలు పేనితే మందం మూడింతలు కాదు, రెండింతల పైన కాస్త. పొడవు మాత్రం బాగా తగ్గుతుంది, ముందే ఎక్కువ తీసుకోండి. సూపర్ గ్లూ పోసి గట్టిపరచకండి, తెల్లగా పొర కడుతుంది. నీళ్ళు కలిపిన ఫెవికాల్ చాలు.

రంగు: కదలని తాళ్ళు నల్లవి కావు, తారు పట్టిన ముదురు గోధుమరంగు. లాగే తాళ్ళు లేత రంగు. తెల్లదారం ఎక్కడా వద్దు.

అపోహ: ఎన్ని ఎక్కువ వివరాలు చేరిస్తే ఓడ అంత బాగుపడుతుంది.

ఇది ఎవరు పుట్టించారో గానీ ఎన్ని మంచి డెక్‌లు (ఓడ పైతలాలు) దీనికి బలయ్యాయో! పలక పలకకీ నాలుగు కొయ్యమేకులు కొట్టమని ఎక్కడో చూస్తారు. పళ్ళు కుట్టుకునే పుల్ల తెచ్చి కొడతారు. రెండు మిల్లీమీటర్ల పుల్ల 1:64లో అయిదంగుళాల మేకు. డెక్‌కి అమ్మవారు పోసినట్టుంటుంది. అంగుళం మేకు 0.4 మిల్లీమీటర్లే. వెదురు పుల్లను చీల్చి, కంసాలి దగ్గర తీగ లాగే కమ్మచ్చు ఉంటుంది చూశారూ, దాని చిల్లుల్లోంచి ఒక్కొక్కటిగా లాగితే అర మిల్లీమీటరు దాకా దిగుతుంది. అంతకంటే సన్నం చెయ్యలేకపోతే కొట్టకండి, నష్టం లేదు. పలకల మధ్య సందుల్లో నింపే కీలుకి (తారుకి) బదులు నల్లదారం పెట్టడమూ ఇంతే. అర మిల్లీమీటరు దారం అంటే అంగుళం పైన సందు, నీళ్ళు కిందికి పోతాయి. పలక అంచుకి పెన్సిల్ రాస్తే సరి.

అపోహ: అసలు ఓడ టేకుది, నమూనా కూడా టేకుదే అవ్వాలి.

ఇది అడిగేవాళ్ళకి ట్రింకోమలీ సంగతి బాగా తెలుసు. 1817లో బొంబాయి రేవులో టేకుతో కట్టిన ఆ ఓడ ఇంగ్లండులో హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీళ్ళ మీద ఉంది. నిజమే. కానీ ఓడను 64 రెట్లు తగ్గించినా చెక్క నార తగ్గదు కదా. టేకులో కంటికి కనిపించే సన్నగీత మీ సరంగుకి కాలు ఇరుక్కునే సందు. సన్న నార ఉన్న కర్ర కావాలి. ఏటికొప్పాక లక్కబొమ్మలకి వాడే అంకుడు కర్ర నాకు బాగా కుదిరింది, లేత రంగు, పీచు లేవదు. బాగా ఆరిన ముక్క తీసుకోండి, పచ్చిది పగులుతుంది. ఇక్కడి సముద్రపు గాలికి ఏ చెక్కయినా ఉబ్బుతుంది, కోసిన చెక్కని పనిచేసే గదిలోనే కొన్నాళ్ళు ఉంచాకే అతికించండి.

అపోహ: లేత్ మిషను, చిన్న రంపం మిషను లేకపోతే సొంతంగా ఏదీ చెయ్యలేం.

కిట్‌లో వచ్చే కప్పీలు చూడండి, పంచదార బిళ్ళల్లా నలుచదరంగా ఉంటాయి. టిఫిను డబ్బా లోపల ఎమరీ కాగితం అంటించి, కప్పీలు వేసి, మూత పెట్టి, టీవీ చూస్తూ గిలక్కొట్టండి. మూలలు గుండ్రబడతాయి. రంధ్రం పైచివరికి దగ్గరగా ఉండాలి, తలకిందులుగా కట్టకండి. మా ఆవిడ చెప్పినట్టు దీనికి కావలసిన మిషను ఓపిక, శబ్దం పక్కింటి వాళ్ళకి.

పర్లాకిమిడి కొమ్ము పనివాళ్ళ దగ్గర లేత రంగు తుక్కు అడిగితే ఇస్తారు. దాన్ని పలచగా అరగదీసి లాంతరు పలకలుగా పెడతాను. అలంకారం కోసం కాదు, అప్పట్లో చేతి లాంతర్లకి పలచటి కొమ్మునే అద్దంలా వాడేవారు. వెనక చిన్న బల్బు పెడితే ఎంత బాగుంటుందో మాటల్లో చెప్పలేను.

మిగతావి గబగబా. ప్రతి ఓడ అడుగునా రాగిరేకు ఉండదు. ఇంగ్లిషు నౌకాదళం మొదట 1761లో ఒక ఓడ మీద పరీక్షించింది. కొలంబస్ శాంతా మరియాకి రాగి వేసి ఇమ్మని ఒకాయన అడ్వాన్సు కూడా ఇచ్చాడు, తిరిగి ఇచ్చేశాను. అసలు దాని ప్లాను ఏదీ మిగల్లేదు, ఏ కిట్ అయినా ఊహే. మన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు స్తంభాల ఓడ ఉంది, దాన్ని చూసి తాళ్ళు ఎన్నో చెప్పమంటే ఎలా ఉంటుందో ఇదీ అంతే. కాబట్టి శాంతా మరియా మీద "ఇది తప్పు, అది తప్పు" అని ఎవరైనా భయపెడితే పట్టించుకోకండి. రాగి వేసే ఓడకైతే రేకు నాలుగడుగుల పొడవు, 14 అంగుళాల వెడల్పు, 1:64లో 19 బై 5.5 మిల్లీమీటర్లు. మేకుల మొటిమలు లేచిన రేకు వాడకండి.

సీసం కలిసిన ఫిరంగులు, లంగర్లు గాజు పెట్టెలో పెట్టి మూసేస్తే చెక్క వదిలే ఆవిరికి కొన్నేళ్ళలో తెల్లటి పొడి రాలుతుంది. ఆ పొడి విషం, నోటితో ఊదకండి. పెట్టెకి గాలి ఆడే సందు ఉంచండి. వీలైతే ఇత్తడివి మార్చండి.

కిట్‌ని మారిస్తే విలువ పోతుందా అని కొందరు అడుగుతారు. అమ్మేవాళ్ళెవరండీ?

మాస్టారు తాళ్ళన్నీ విప్పడానికి మూడు ఆదివారాలు పట్టింది. స్తంభాలకి ఏమీ కాలేదు, ష్రౌడ్లు బిగించే చిల్లుల కొయ్యబిళ్ళలు, డెడ్‌ఐలు, కూడా అవే పనికొచ్చాయి. విప్పుతున్నంతసేపూ ఆయనకి ఒకటే బాధ, అంత డబ్బు పోసి కొన్న దారం వృథా అయిందే అని. వృథా ఏం కాదు. 1.2 మిల్లీమీటర్ల దారాన్ని 64తో గుణించి 8తో భాగిస్తే 9.6 అంగుళాల మోకు. పురి చూశాం, ఎడమదే. చిన్న బ్రిగ్‌కి లంగరు మోకుగా పెట్టాం, ముక్కుదగ్గర నాలుగు చుట్లు చుట్టి. మిగిలిన కండె నా దగ్గరే వదిలేశారు. 1:64లో చిన్న ఓడ కడుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వచ్చి పట్టుకెళ్ళండి.