గ్రాస్ వేరు, కంపెనీకి చేరేది వేరు: చైనా సినిమా కంపెనీ లెక్కలపై అపోహలు - వాస్తవాలు

2025 ఫిబ్రవరి నుంచి నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "సార్, ఆ చైనా బొమ్మల సినిమా తీసిన కంపెనీకి 18 వేల కోట్ల రూపాయలు వచ్చాయంట కదా?" అడిగేవాళ్లలో నిర్మాతలున్నారు, బయ్యర్లున్నారు, సినిమా వ్యాపారంతో ఏ సంబంధం లేని మా చుట్టాలూ ఉన్నారు.

నేను ఇరవై ఏళ్లకు పైగా సినిమా లెక్కల్లో ఉన్నాను. మొదట్లో నంద్యాల వైపు థియేటర్లలో డిస్ట్రిబ్యూటర్ ప్రతినిధిగా కూర్చుని డీసీఆర్‌లు, అంటే ఏ రోజుకారోజు వసూళ్ల లెక్కల కాగితాలు, రాశాను. ఇప్పుడు హైదరాబాద్‌లో నిర్మాణ సంస్థల అకౌంట్లు చూస్తున్నాను. మన సినిమాల చైనా హక్కుల లెక్కలు నా టేబుల్ మీదకు రావడం మొదలయ్యాక, అక్కడి లిస్టెడ్ కంపెనీలు స్టాక్ ఎక్స్ఛేంజికి ఇచ్చే ప్రకటనలు చదవడం అలవాటైంది.

అందరూ అడుగుతున్న కంపెనీ ఎన్‌లైట్ మీడియా. సినిమా 'నెజా 2'. 2025 జనవరి 29న, చైనా కొత్త సంవత్సరం రోజున విడుదలై 1,500 కోట్ల యువాన్లకు పైగా గ్రాస్ చేసింది, అంటే తెగిన టికెట్ల మొత్తం డబ్బు అంత. అందరూ అనే 18 వేల కోట్ల రూపాయలు ఇదే. ఇందులో అబద్ధం ఏమీ లేదు. తప్పంతా దాని తర్వాతి మాటలోనే ఉంది.

అపోహ: 1,500 కోట్ల యువాన్లు గ్రాస్ వచ్చిందంటే కంపెనీ అంత సంపాదించింది.

దీని మీదే ఎక్కువ రాస్తాను. ఎందుకంటే జనం డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే.

ఆ ఏడాది వేసవిలో ఒక అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. ఊళ్లో స్థలం అమ్మిన డబ్బుందట, భర్త దాన్ని ఒక యానిమేషన్ సినిమా పెట్టుబడి పథకంలో పెడదామంటున్నాడట. ఆ పథకం వాళ్లిచ్చిన కాగితం చేతిలో పెట్టింది. రంగుల కాగితం. పైన నెజా బొమ్మ, కింద ఒకే ఒక్క లెక్క: ఖర్చు ఇంత, వసూలు ఇంత, అంటే పెట్టుబడికి 25 రెట్లు. "నిజమేనా సార్?" అని అడిగినప్పుడు ఆమె గొంతు వణికింది. వద్దంటే ఇంట్లో గొడవ, సరేనంటే ఉన్నదంతా పోతుందేమోనన్న భయం. రెండు రాత్రులుగా నిద్ర లేదంది.

ఆమెకు తెల్ల కాగితం మీద రాసి చూపించిన లెక్కే ఇక్కడా చెబుతాను. చైనాలో వంద యువాన్ల టికెట్ తెగిందనుకోండి. అందులో 5 శాతం సినిమా అభివృద్ధి నిధికి పోతుంది. పన్ను మూడు శాతం పైచిలుకు. ఈ రెండూ పోగా సుమారు 91 మిగులుతుంది. అందులో దాదాపు 57 శాతం థియేటర్లకూ, ఆ థియేటర్లు ఏ చెయిన్ కింద ఉంటే ఆ చెయిన్‌కూ వెళ్తుంది. నిర్మాత, డిస్ట్రిబ్యూటర్ వైపు వచ్చేది 40 లోపే. అందులోంచి డిస్ట్రిబ్యూషన్ కమిషన్, పబ్లిసిటీ ఖర్చు తీసేయాలి. ఆ మిగిలింది కూడా ఒక్కరిది కాదు. సినిమాలో వాటా ఉన్నవాళ్లంతా పంచుకోవాలి. ఇదంతా కాక, ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నప్పుడు పడే సర్వీసు ఫీజును కూడా ఆ పెద్ద గ్రాస్ అంకెలోనే కలిపి చెబుతుంటారు. అది నిర్మాత ముఖం కూడా చూడదు.

మన దగ్గర నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ) లెక్కలు తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. గ్రాస్ వేరు, పన్నూ థియేటర్ ఖర్చులూ పోగా మిగిలే షేర్ వేరని, సినిమా హక్కులు కొనే మన బయ్యర్ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అదే బయ్యర్ చైనా అంకె కనబడగానే ఆ తేడా ఎందుకు మర్చిపోతాడో నాకు అర్థం కాదు.

ఇది నా ఊహ అనుకుంటారేమో, కంపెనీ చెప్పిందే చూడండి. ఫిబ్రవరి 5 నాటికి, అంటే ఎనిమిది రోజుల్లో, సినిమా గ్రాస్ సర్వీసు ఫీజుతో కలిపి సుమారు 484 కోట్ల యువాన్లు. ఆ సినిమా నుంచి తమకు వచ్చే ఆదాయం 95 నుంచి 101 కోట్ల యువాన్ల మధ్య ఉంటుందని ఎన్‌లైట్ స్టాక్ ఎక్స్ఛేంజికి తెలిపింది. వందకు ఇరవై. అదీ సినిమాకు ముఖ్య నిర్మాత, డిస్ట్రిబ్యూటర్ రెండూ తానే అయిన కంపెనీకి!

మార్చి నెలాఖరుకు గ్రాస్ 1,500 కోట్లు దాటింది. ఆ మూడు నెలలకు కంపెనీ మొత్తం ఆదాయం, మిగతా వ్యాపారాలన్నీ కలుపుకుని, 297 కోట్ల యువాన్ల చిల్లర. నికర లాభం 201 కోట్లు. అంతకు ముందు 2024 ఏడాది మొత్తం మీద వచ్చిన లాభం 29 కోట్ల యువాన్లే కాబట్టి, ఇది ఆ కంపెనీ చరిత్రలో ఎన్నడూ చూడని విజయం. దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. కానీ 1,500కూ 201కీ మధ్య ఉన్న దూరంలోనే ఆ రంగుల కాగితం వాళ్లు కాపురం పెట్టారు.

పైగా ఆ కాగితంలో లేని అంకెలు కొన్ని ఉన్నాయి. మొదటి 'నెజా' 2019లో 500 కోట్ల యువాన్లు గ్రాస్ చేసింది. అంత విజయం చూసిన కంపెనీకి 2021లో నష్టం, 2022లో మళ్లీ నష్టం. 2022లో అయితే 70 కోట్ల యువాన్లు దాటింది. కరోనాకు థియేటర్లు మూతపడ్డాయి, చేతిలో ఉన్న సినిమాల విలువ తగ్గించి రాసుకోవాల్సి వచ్చింది. ఇంకోటి చెప్పాలి. 2018లో కంపెనీకి మంచి లాభం కనబడుతుంది. అది సినిమాలు ఆడి వచ్చింది అనుకుంటే పొరపాటు. న్యూ క్లాసిక్స్ మీడియా అనే మరో కంపెనీలో తనకున్న వాటాను చైనా ఇంటర్నెట్ సంస్థ టెన్‌సెంట్‌కు 331 కోట్ల యువాన్లకు అమ్మడం వల్ల వచ్చింది. లాభం అనే గడి ఒక్కటే చూసి ఊరుకోకూడదని, అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలని నా దగ్గర పనిచేసే పిల్లలకు ఈ ఒక్క ఏడాది లెక్కతోనే నేర్పుతాను.

అపోహ: ఒక్క సినిమాతో రాత్రికి రాత్రి పెరిగిన కంపెనీ.

వాంగ్ చాంగ్‌టియాన్ జర్నలిస్టు. 1998లో ఈ సంస్థ పెట్టి, టీవీకి వినోద రంగ వార్తల కార్యక్రమాలు తయారు చేసి అమ్మడంతో మొదలుపెట్టాడు. సినిమాలు తర్వాత వచ్చాయి. 2011లో షెన్‌జెన్ స్టాక్ ఎక్స్ఛేంజిలోని చైనెక్స్ట్ అనే విభాగంలో లిస్టయింది. 2012 డిసెంబరులో సుమారు 3 కోట్ల యువాన్లతో తీసిన 'లాస్ట్ ఇన్ థాయ్‌లాండ్' అనే కామెడీ 126 కోట్ల యువాన్లు గ్రాస్ చేసి దేశం మొత్తాన్ని ఆశ్చర్యపరిచింది. 2015లో అలీబాబా 240 కోట్ల యువాన్లు పెట్టి వాటా తీసుకుంది. అదే ఏడాది యానిమేషన్ కోసమే కలర్‌రూమ్ పిక్చర్స్ అనే విభాగం పెట్టారు. 2016లో టికెట్ల యాప్ మావొయాన్‌లో పెద్ద వాటా కొన్నారు. టికెట్ ఎక్కడ ఎలా తెగుతోందో ముందే తెలియడం సినిమా కంపెనీకి ఎంత బలమో, డీసీఆర్‌ల కోసం రాత్రి పన్నెండింటి దాకా థియేటర్ మేనేజరు గది ముందు నిలబడ్డ నాకు బాగా తెలుసు.

1998 నుంచి 2025 అంటే 27 ఏళ్లు. రాత్రికి రాత్రి అనేవాళ్లకు ఇంతకన్నా చెప్పను.

అపోహ: సినిమా అంతా ఆ కంపెనీ స్టూడియోలో, ఆ కంపెనీ మనుషులే తీశారు.

లేదు. దర్శకుడు జియావొజి సిచువాన్ రాష్ట్రం మనిషి, ఆయన స్టూడియో కూడా అక్కడే చెంగ్డూ నగరంలో ఉంది. చదివింది ఫార్మసీ. యానిమేషన్ మీద ఇష్టంతో ఉద్యోగం మానేసి, తల్లి పెన్షన్ మీద ఆధారపడి, మూడున్నరేళ్లు ఇంట్లో కూర్చుని ఒక్కడే ఒక చిన్న సినిమా తీశాడు. ఎన్‌లైట్ చేసిన గొప్ప పని ఏమిటంటే, అలాంటి మనిషిని గుర్తించి, డబ్బు పెట్టి, సంవత్సరాల తరబడి ఆగడం. రెండో భాగానికి ఐదేళ్లు పట్టింది. వందకు పైగా యానిమేషన్ సంస్థలు, వేల మంది ఆర్టిస్టులు పనిచేశారు. ఇందుకే ఆ నర్సు తెచ్చిన కాగితంలో "18 నెలల్లో రాబడి" అన్న మాట చూసి నాకు కోపం వచ్చింది. ఆ స్థాయి యానిమేషన్ 18 నెలల్లో తయారవదు.

అపోహ: అది ప్రభుత్వ కంపెనీ, డబ్బంతా ప్రభుత్వానిదే.

ప్రైవేటు కంపెనీయే. విడుదలకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరి, అది అక్కడ అందరికీ ఉన్నదే.

అపోహ: ప్రపంచమంతా చూసింది కాబట్టే అంత వసూలైంది.

దాదాపు మొత్తం చైనాలోనే వచ్చింది. బయటి దేశాల వాటా చాలా చిన్నది. "వరల్డ్‌వైడ్" అన్న మాట పోస్టర్ మీద ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా సరే.

అపోహ: సినిమా హిట్టయింది కాబట్టి షేరు కొంటే లాభమే.

పండుగ సెలవుల ముందు పది యువాన్ల లోపున్న షేరు ఫిబ్రవరి మధ్యకల్లా 40 తాకింది. చైనెక్స్ట్‌లో ఒక షేరు రోజుకు 20 శాతానికి మించి పెరగడానికి వీల్లేదు. ఆ పరిమితి తాకుతూ పైకి పోయింది. తర్వాత కొద్ది వారాల్లోనే చాలా కిందికి జారింది. హిట్ సంగతి ఊరంతటికీ తెలిసేసరికి ధరలో ఆ సంగతి చేరిపోయి ఉంటుంది. వాట్సాప్‌లో ఫార్వర్డ్ వచ్చాక కొన్నవాళ్లకు పై ధరే దక్కింది. దయచేసి ఆ ఫార్వర్డ్‌లు నాకు పంపకండి.

ఆ అమ్మాయి మూడు రోజుల తర్వాత భర్తను తీసుకుని మళ్లీ వచ్చింది. అతను మొదట ముభావంగా కూర్చున్నాడు. నేను చెప్పిన లెక్క ఆమె ఇంటి దగ్గర మళ్లీ రాసి చూపించిందట. జేబులోంచి ఆ కాగితం తీసి, 57 అని ఉన్నచోట వేలు పెట్టి అడిగాడు: "ఇందులో మా వాటా ఎక్కడుంది సార్?" పథకం వాళ్లతో రాసుకోబోయే ఒప్పందం పత్రం కూడా తెచ్చాడు. పద్నాలుగు పేజీలు. ముగ్గురం కలిసి మొదటి నుంచి చివరి దాకా చదివాం. పెట్టుబడి పెట్టినవాళ్లకు గ్రాస్‌లోంచి కానీ, షేర్‌లోంచి కానీ ఎంత శాతం ఇస్తారన్నది ఏ పేజీలోనూ రాసిలేదు.