ఎస్‌ఎంపీఎస్‌లో లేనివి చూడండి

చిరంజీవులిద్దరికీ పెదనాన్న ఆశీస్సులు.

కంప్యూటర్ భాగాలకు కరెంటు అందించే పెట్టెలు, అదే రెండు ఎస్‌ఎంపీఎస్‌ల మీదా 500 వాట్లనే రాసి ఉంటే ఒకటి మూడు రెట్ల ధర ఎందుకు పలుకుతోందని అడిగారు. మంచి ప్రశ్న. మూత విప్పి చూస్తామన్నారే, అది మాత్రం వద్దు. లోపల పీపాలా నిలబడి, విద్యుత్తును నిల్వ ఉంచుకునే పెద్ద కెపాసిటర్‌లో, ప్లగ్ పీకేసిన తరువాత కూడా 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. మన 230 వోల్టుల ఏసీని డీసీగా మారిస్తే 325 దాకా వెళుతుంది మరి. మీ బదులు నేనే పాడైన రెండింటిని పక్కపక్కన పెట్టి విప్పి చూశాను.

విప్పకుండా తెలిసేది ఒకటుంది. పక్కన అంటించిన పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లో చూడండి. 20 ఉంటే, గుణిస్తే 240 వాట్లు. ఇప్పటి ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు దాదాపు అంతా ఆ 12 వోల్టుల నుంచే తీసుకుంటాయి. మిగతాది 5, 3.3 వోల్టుల గడుల్లో చూపించి 500 అనిపించారన్నమాట. నేనైతే దీన్ని మోసమనే అంటాను.

ఇక లోపలి సంగతి. ఎస్‌ఎంపీఎస్ కరెంటును సెకనుకు వేలకు వేల సార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. అందుకే అందులోని ట్రాన్స్‌ఫార్మర్ అంత చిన్నగా సరిపోతుంది. కానీ ఈ పనిలో పుట్టే విద్యుత్ రొద ఇంటి వైర్లలోకి పోకుండా, ప్లగ్ పక్కనే పసుపు పచ్చని పెట్టె ఒకటి, చిన్న నీలం బిళ్లలు, తీగచుట్టలు ఉండాలి. ఖరీదైన దానిలో అన్నీ ఉన్నాయి. చవక దానిలో బోర్డు మీద వాటి గుర్తులు అచ్చువేసి ఉన్నాయి, రంధ్రాలూ ఉన్నాయి, వస్తువులు లేవు. తీగచుట్ట ఉండవలసిన చోట ఒక ముక్క వైరు అతికించి వదిలేశారు! గీసినవాడికి పని తెలుసు, తయారుచేసినవాడు ఎగ్గొట్టాడు. ఇవి లేకపోయినా కంప్యూటర్ ఆన్ అవుతుంది. చిక్కంతా అక్కడే.

పెద్ద కెపాసిటర్ కూడా చవక దానిలో బాగా చిన్నది. కరెంటు పోయినప్పుడు మామూలు యూపీఎస్ అందుకోవడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ కాస్త సేపూ కంప్యూటర్‌ను నిలబెట్టేది ఈ కెపాసిటరే. కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌లు పాటించవలసిన ఏటీఎక్స్ ప్రమాణం దాదాపు 16 మిల్లీసెకన్లు నిలబెట్టమంటుంది. యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ రీస్టార్ట్ అవుతోందని బ్యాటరీ మార్చేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

చిన్న కెపాసిటర్ల మీద 85 డిగ్రీలనో 105 డిగ్రీలనో రాసి ఉంటుంది; 105 రకం మేలు. వేడి పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు ఇంచుమించు రెట్టింపవుతుంది. నిచికాన్, రూబికాన్ వంటి జపాన్ పేర్లు కనిపిస్తే నాకు కొంత ధైర్యం. ప్లగ్ తీసేసి ఫ్యాన్ జాలీలోంచి టార్చి వేస్తే వీటిలో కొన్ని మీకూ కనిపిస్తాయి. తలలు ఉబ్బి ఉంటే ఆ ఎస్‌ఎంపీఎస్ పని అయిపోయినట్లే.

క్యాబినెట్ తాకితే సన్నగా షాక్ కొడుతోందని, అందుకే అది నాసిరకమని చిన్నది రాసింది. అలా తేల్చేయకూడదమ్మా. ఇందాకటి నీలం బిళ్లలు రెండు వైర్ల నుంచీ రొదను ఇనుప ఒంటికి, అక్కడి నుంచి ఎర్త్‌కు పంపుతాయి. గోడలోని మూడో రంధ్రానికి ఎర్త్ లేకపోతే దారి మూసుకుపోయి, ఒంటి మీద సుమారు 115 వోల్టులు తేలుతాయి. కరెంటు స్వల్పమే కనుక చురుక్కుమని ఊరుకుంటుంది. ఆ బిళ్లలే లేని నాసిరకం డబ్బా అసలు చురుక్కుమనదు, చూశారా! అయితే షాక్‌కు వేరే కారణమూ ఉండవచ్చు, అది మీరు పరీక్షించే పని కాదు. నాన్నతో చెప్పి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్త్ వైరు నిజంగా ఉందో లేదో చూపించండి. అంతవరకు ఆ కంప్యూటర్ ప్లగ్ తీసి ఉంచండి.

మీ పెదనాన్న