గున్న ఏనుగుకు గుంపు నేర్పే పాఠాలు

ఒడిశా అడవుల నుంచి దిగివచ్చిన ఏనుగులు పార్వతీపురం మన్యం జిల్లాలోని కొమరాడ, గరుగుబిల్లి, కురుపాం ప్రాంతాల్లో వరిమళ్లు, చెరకు, అరటి తోటలు తొక్కివేశాయన్న వార్తలు సరిహద్దు పల్లెలవారికి కొత్త కాదు. గుంపులో ఎన్ని ఏనుగులున్నాయో ఆ వార్తలు చెబుతాయి గాని, వాటిలో ముందు నడిచేది ఏది, దాని వెంట పోయేవి ఏవి అన్నది చెప్పవు. ఏనుగు బతుకుతెరువులో చాలా భాగం తోటి ఏనుగుల దగ్గర నేర్చుకున్నదే కనుక, ముందుగా తెలుసుకోవలసింది అదేనని నా అభిప్రాయం.

అప్పుడే పుట్టిన గున్నకు తొండాన్ని ఎలా వాడాలో తెలియదు, అది అదుపులోకి రావడానికి నెలలు పడుతుంది. కాస్త పెరిగాక తల్లి మేత నములుతుండగా దాని నోట్లోకి తొండం చాచి, ఆ ఆకునో కొమ్మనో లాక్కుని రుచి చూస్తుంది. తల్లే కాక గుంపులోని ఇతర ఏనుగులు కూడా దీన్ని సహిస్తాయి. ఏది తినదగినదో ఒక్కొక్క మొక్కనూ కొరికి తెలుసుకునే ప్రమాదం ఆ విధంగా తగ్గుతుంది.

మేత సంగతి రోజూ ఎదురవుతుంది గనుక నేర్చుకోవడం తేలిక, కాని ముప్పై ఏళ్లకు ఒకసారి వచ్చే ఆపదను ఎదుర్కోవడం ఎవరు నేర్పాలి? టాంజానియాలోని తరంగిరే జాతీయ పార్కులో 1993లో తీవ్రమైన కరవు వచ్చినప్పుడు, తొమ్మిది నెలల్లో 81 గున్నల్లో 16 చనిపోయాయి. పార్కు దాటి నీళ్లు, మేత వెతుక్కుంటూ వెళ్లిన గుంపులు తక్కువ పిల్లలను పోగొట్టుకోగా, పార్కులోనే ఉండిపోయిన గుంపుకు ఎక్కువ నష్టం జరిగింది. వెళ్లిన గుంపుల్లో 1958-61 నాటి కరవును చూసిన వయసు గల ఆడ ఏనుగులు ఉన్నాయి. ఉండిపోయిన గుంపులో పెద్దవి అంతకుముందే దంతాల వేటకు బలైపోయాయి. ఆ పాత కరవు జ్ఞాపకమే దారి చూపి ఉంటుందని పరిశోధకులు భావించారు.

తోటివాటి నుంచి నేర్చుకునే ఇదే గుణం రైతుకు నష్టంగానూ మారుతుంది. యుక్తవయసుకు వచ్చిన మగ ఏనుగు పుట్టిన గుంపును వదిలి, తరచుగా పెద్ద మగవాటి వెంట తిరుగుతుంది. కెన్యాలోని అంబోసెలిలో జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక మగ ఏనుగుతో సన్నిహితంగా తిరిగే తోటి మగ ఏనుగు పంటల మీద పడేదైతే, మొదటిది కూడా పంటలకు అలవాటు పడే అవకాశం ఎక్కువని తేలింది. కర్ణాటక, తమిళనాడుల్లో కూడా అడవి తగ్గి పొలాలు పెరిగిన చోట్ల యువ మగ ఏనుగులు పెద్ద పెద్ద మగ గుంపులుగా కలిసి తిరగడాన్ని పరిశోధకులు 2019లో వివరించారు.

అందుకే టపాసులతో, డప్పులతో తరిమేటప్పుడు గుంపు చెదిరిపోకుండా, పెద్ద ఆడ ఏనుగు పిల్లలకు దూరం కాకుండా చూడడం ముఖ్యం. గుంపును కనిపెట్టుకుని తిరిగే ట్రాకర్లు ఏనుగుల సంఖ్యతో పాటు, ఏ ఏనుగు ముందుగా పొలంలోకి దిగింది, ఏవి దాని వెనక దిగాయి అన్నది కూడా నమోదు చేస్తే, పంట అలవాటు ఎక్కడ మొదలై ఎవరికి పాకుతోందో ఆ వరుసలోనే కనిపిస్తుంది.