చిన్నదైతేనే వేడెక్కువ

2008 సెప్టెంబరులో జెనీవా దగ్గర కణాలను ఢీకొట్టించే భారీ యంత్రం లార్జ్ హాడ్రాన్ కొలైడర్ మొదలైనప్పుడు, అందులో పుట్టే బుల్లి కృష్ణబిలం (బ్లాక్ హోల్) భూమిని మింగేస్తుందంటూ టీవీ చానళ్లు జనాన్ని తెగ టెన్షన్ పెట్టాయి. అంత చిన్న కృష్ణబిలం పుట్టినా, దేన్నీ మింగే వ్యవధి దానికుండదు. ఎందుకో భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1974లోనే చెప్పారు.

అప్పటిదాకా కృష్ణబిలం నుంచి ఏదీ బయటికి రాదనే అనుకునేవారు. జాకబ్ బెకెన్‌స్టైన్ అనే యువ పరిశోధకుడు మాత్రం దానికి ఎంట్రోపీ, అంటే వేడి లెక్కల్లో వాడే ‘క్రమరాహిత్యపు కొలత’, ఉండాలన్నారు. హాకింగ్‌కు ఇది మింగుడుపడలేదు. ఎంట్రోపీ ఉంటే ఉష్ణోగ్రతా ఉండాలి, ఉష్ణోగ్రత ఉన్నది వేడిని వెదజల్లాలి కదా! చివరికి బిలం అంచు దగ్గర క్వాంటం సిద్ధాంతంతో ఆయనే లెక్క కడితే, నిజంగానే వికిరణం వస్తోందని తేలింది.

శూన్యంలో పుట్టిన కణాల జంటలో ఒకటి లోపల పడి రెండోది తప్పించుకుంటుందన్న కథ చాలాచోట్ల కనిపిస్తుంది. నాకది అంత నచ్చదు. బిలం సైజుకీ వేడికీ సంబంధమేమిటో అందులో తెలియదు. బయటికొచ్చే వికిరణం తరంగదైర్ఘ్యం బిలం వ్యాసార్ధానికి ఇంచుమించు 16 రెట్లుంటుంది. బిలం చిన్నదైతే తరంగమూ పొట్టిదే, అంటే శక్తి ఎక్కువ.

సూర్యుడంత బరువున్న బిలం ఉష్ణోగ్రత 0.00000006 కెల్విన్ మాత్రమే (సున్నా కెల్విన్ అంటే దాదాపు మైనస్ 273 డిగ్రీల సెల్సియస్). విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ వికిరణం 2.7 కెల్విన్ ఉంది కాబట్టి ఆ బిలం ఇప్పుడు తరగకపోగా పెరుగుతుంది. బిలం బరువు చంద్రుడి బరువులో 60 శాతం ఉంటే ఈ రెండు ఉష్ణోగ్రతలూ సరిసమానం. అప్పుడు బిలం వ్యాసం 0.13 మిల్లీమీటర్లు.

అంతకంటే చిన్నవాటి తీరే వేరు. పొయ్యి మీంచి దించిన పాలు వేడి పోయేకొద్దీ చల్లారతాయి. ఇవి శక్తి పోయేకొద్దీ ఇంకా వేడెక్కుతాయి, ఇంకా వేగంగా కరుగుతాయి. బరువు సగమైతే ఆయుష్షు ఎనిమిదో వంతే. చివరి 0.1 సెకనులో ఒక్కోటి ఒక మెగాటన్ను ఉండే హైడ్రోజన్ బాంబులు పది లక్షలు పేలినంత శక్తి వెలువడుతుందని హాకింగ్ అంచనా. ఖగోళ లెక్కల్లో ఇది చిన్న పేలుడేనని కూడా అన్నారాయన!

విశ్వం పుట్టినప్పుడే సుమారు 50 కోట్ల టన్నుల బిలాలు ఏర్పడి ఉంటే, వాటి సైజు ప్రోటాన్ అంత. 1380 కోట్ల ఏళ్లు కరిగి, ఇప్పుడిప్పుడే పేలుతుండాలి. ఆ పేలుళ్లలో వచ్చే గామా కిరణాల కోసం అంతరిక్షంలోని ఫెర్మీ టెలిస్కోప్ సమాచారాన్ని జల్లెడపట్టారు. అలాంటి పేలుడు ఒక్కటీ దొరకలేదు. అలాంటి బిలాలు ఉన్నా చాలా అరుదని మాత్రం దాంతో తేలింది.