ఇంజన్ లోపలి మడ్డిని ఆయిలే కడిగేస్తుందా?

"ఈ ఆయిల్ పోయించండి సార్, లోపలున్న మురికంతా కడిగేస్తుంది." విశాఖ గాజువాక ఆటోనగర్‌లో ఏ షెడ్డుకి వెళ్లినా, ఏ స్పేర్‌పార్ట్స్ షాపులో నిలబడినా ఈ మాట వినపడుతూనే ఉంటుంది. 2024లో అమెరికాలో వాల్వోలిన్ కంపెనీ రిస్టోర్ అండ్ ప్రొటెక్ట్ అనే ఆయిల్ తెచ్చి, పిస్టన్ల మీద పేరుకున్న మడ్డిని 100 శాతం దాకా తీసేస్తుందని చెప్పినప్పటి నుంచి కార్లంటే ఇష్టమున్న వాళ్లలో ఈ చర్చ ఇంకా వేడెక్కింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మంచి ఆయిల్ మురికిని తీయగలదు, అందులో అబద్ధం లేదు. కానీ ఏ మురికిని, ఎక్కడున్నదాన్ని, ఎంత కాలానికి అన్నది తెలియకుండా డబ్బు పెడితే నష్టపోయేది మనమే.

అసలు లోపల పేరుకునేది ఒక్క రకం కాదు. ఎంవీపీ కాలనీ నుంచి జగదాంబ దాకా, మళ్లీ వెనక్కి, రోజూ ఇంతే తిరిగే బండిని తీసుకోండి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీళ్లు తయారవుతాయి. చాలావరకు సైలెన్సర్ గుండా ఆవిరిగా పోతుంది గానీ, కొంత పిస్టన్ చుట్టూ ఉండే రింగుల సందుల్లోంచి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది, దాంతోపాటు మండని పెట్రోలు కూడా. ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తాం కాబట్టి ఆ తేమ ఎగిరిపోదు, ఆయిల్‌తో కలిసి మెత్తటి బురదలా మారి ట్యాపెట్ కవర్ కింద, ఆయిల్ ఛాంబర్ అడుగున చేరుతుంది. ఇదొక రకం. రెండోది వార్నిష్, లోహం మీద పసుపు, గోధుమ రంగుల్లో పట్టే పల్చటి పొర, పల్చగా ఉన్నంతవరకు దీనివల్ల పెద్దగా ప్రమాదం ఉండదు. అసలు తంటా మూడోదానితోనే. అరకు ఘాట్ ఎక్కేటప్పుడు పిస్టన్ పై రింగు గాడిలో వేడి 200 డిగ్రీలు దాటుతుంది, అక్కడ చిక్కుకున్న ఆయిల్ మాడి బొగ్గులా గట్టిపడుతుంది.

ఆటోనగర్‌లో ఒక షెడ్డులో హాఫ్ ఇంజన్ పనికి విప్పిన పిస్టన్‌ని చేతిలోకి తీసుకుని చూశాను. పై రెండు రింగులూ పర్వాలేదు. మూడోది, అంటే బోర్ (పిస్టన్ ఆడే గొట్టం) గోడల మీది ఆయిల్‌ని గీకి కిందికి పంపే రింగు, గాడిలో అతుక్కుపోయి గోరుతో నొక్కినా కదల్లేదు. దాని వెనకాల గాడి గోడలో చిన్నచిన్న రంధ్రాలుంటాయి, గీకిన ఆయిల్ వాటిగుండానే లోపలికి తిరిగిపోవాలి. ఒక్క రంధ్రంలోంచి కూడా వెలుతురు కనపడలేదు, అన్నీ నల్లటి ముద్దతో మూసుకుపోయాయి. తిరిగి వెళ్లే దారి లేకపోతే ఆయిల్ పైకి వెళ్లి మండిపోతుంది, నీలం పొగ వస్తుంది, "బండి ఆయిల్ తాగుతోంది" అంటారు. అరిగిపోవడం వల్లనే ఆయిల్ తాగుతుందని చాలామంది అనుకుంటారు, కానీ బోర్ బాగానే ఉండి రింగులు అతుక్కోవడం వల్ల తాగే బండ్లు కూడా ఉన్నాయి. ఈ తేడా చాలా ముఖ్యం, ఎందుకంటే అరిగిన లోహాన్ని ఏ ఆయిలూ తిరిగి తేలేదు, అతుక్కున్న రింగుని మాత్రం విడిపించే అవకాశం ఉంది.

ఎలా అంటే, కడిగే గుణం ప్రతి ఇంజన్ ఆయిల్‌లోనూ ఉంటుంది. 1930లలో కాటర్‌పిల్లర్ డీజిల్ ఇంజన్లలో రింగులు అతుక్కుపోతుంటే దానికి విరుగుడుగానే డిటర్జెంట్లు కలిపిన ఆయిల్స్ వచ్చాయి. ఇప్పుడు వాడేవి ఎక్కువగా కాల్షియం, మెగ్నీషియం సమ్మేళనాలు. ఇవి ఆమ్లాలని విరిచేస్తాయి, వేడి లోహం మీద మడ్డి పట్టకుండా చూస్తాయి. డిస్పర్సెంట్లు అని ఇంకో జాతి ఉంది, అవి మసి రేణువుల్ని చుట్టుముట్టి ఒకదానికొకటి అంటుకోకుండా ఆయిల్‌లో తేలుస్తాయి. ఇక కొన్ని సింథటిక్ ఆయిల్స్‌లో ఉండే ఎస్టర్లు అనే రసాయనాలు మడ్డిని కొద్దికొద్దిగా మెత్తబరుస్తాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది, దీన్ని ఎవరూ సరిగ్గా చెప్పరు. డబ్బా మీద ఏపీఐ ఎస్పీ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ఆయిల్ ప్రమాణం) అని ఉంటే ఆ ఆయిల్ సీక్వెన్స్ త్రీహెచ్ లాంటి పరీక్షలు పాసయిందని అర్థం. అందులో క్రైస్లర్ 3.6 లీటర్ల వీ6 ఇంజన్‌ని, ఆయిల్ వేడి 151 డిగ్రీల దగ్గర పెట్టి 90 గంటలు నడిపి, తర్వాత పిస్టన్లు తీసి మడ్డికి మార్కులు వేస్తారు. కానీ పరీక్ష మొదలయ్యేది శుభ్రమైన పిస్టన్లతో. అంటే అది కొలిచేది మురికి పట్టకుండా ఎంత ఆపిందన్నదే, పాత మురికిని ఎంత తీసిందన్నది కాదు. పాత మడ్డిని తీయడానికంటూ ఏపీఐ ప్రమాణాల్లో విడిగా పరీక్షే లేదు. కాబట్టి "కడిగేస్తుంది" అన్నది కంపెనీ తన సొంత పరీక్షల మీద చెప్పే మాటే. వాల్వోలిన్ కూడా వరసగా కొన్ని ఆయిల్ మార్పులపాటు అదే ఆయిల్ వాడితేనే అంటోంది. ఆ మాట నాకు నిజాయితీగానే అనిపిస్తుంది, ఎందుకంటే పని జరిగే తీరే అది. అడుగంటిన పాలగిన్నెలో నీళ్లు పోసి రాత్రంతా వదిలేస్తే పొద్దునకి దానంతటదే ఊడినట్టు, వేలకొద్దీ కిలోమీటర్లు వేడి ఆయిల్ తగులుతూ ఉంటే ఆ నల్లముద్ద అంచుల నుంచి కరుగుతూ వస్తుంది.

మరి డిటర్జెంట్ బాగా దట్టించేస్తే సరిపోదా అంటే, కుదరదు. కాల్షియం ఎక్కువైతే చిన్న టర్బో పెట్రోలు ఇంజన్లలో పెట్రోలు వేళకి ముందే అంటుకుని పిస్టన్ పగిలే ప్రమాదం ఉంది, అందుకే ఇప్పటి ఆయిల్స్‌లో కొంత కాల్షియం తీసి మెగ్నీషియం పెడుతున్నారు. బీఎస్6 డీజిల్ బండ్లలోనైతే మండిన ఆయిల్ నుంచి వచ్చే బూడిద సైలెన్సర్‌లోని ఫిల్టర్‌ని మూసేస్తుంది, కాబట్టి మాన్యువల్‌లో చెప్పిన తక్కువ బూడిద ఆయిలే పోయాలి, ఎంత బాగా కడుగుతుందన్నా వేరేది వద్దు. ఇంకో సంగతి, ఆయిల్ పారని చోట అది ఏమీ చేయలేదు. పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల వెనకాల పట్టే గట్టి మడ్డిని ఏ ఇంజన్ ఆయిలూ తీయదు, దానికి మెకానిక్ చెయ్యి పడాల్సిందే.

డీజిలో కిరోసినో పోసి పది నిమిషాలు నడిపి ఫ్లషింగ్ చేయించే అలవాటు మాత్రం దయచేసి మానేయండి. ఆ పల్చటి ద్రవంతో బేరింగులకి రక్షణ పోతుంది, పైగా ఏళ్ల తరబడి చేరిన బురద ఒక్కసారిగా పెచ్చులుగా ఊడి, ఆయిల్‌ని పీల్చే చోటుండే జల్లెడ, అంటే స్ట్రైనర్‌కి అడ్డం పడితే ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది, అప్పుడు పోయేది మొత్తం ఇంజనే.

పని జరుగుతోందో లేదో ఆయిల్ రంగు చూసి చెప్పలేం. డీజిల్ బండిలో కొత్త ఆయిల్ కూడా కొన్నాళ్లకే మసితో నల్లబడుతుంది, అది కడిగిన గుర్తు కాదు. చదునైన చోట, ఇంజన్ ఆపి కాసేపయ్యాక డిప్‌స్టిక్ చూసి, 1000 కిలోమీటర్లకి ఎంత పోస్తున్నామో రాసుకోండి. రెండు మూడు ఆయిల్ మార్పుల తర్వాత ఆ లెక్క తగ్గుతూ వస్తే రింగులు విడుతున్నట్టే. తగ్గకపోతే సిలిండర్లలో ఒత్తిడి నిలుస్తోందో లేదో చూసే కంప్రెషన్ టెస్ట్ చేయించి, ప్లగ్ రంధ్రంలోంచి కెమెరా దించి బోర్ చూడమనండి. వేలకి వేలు పెట్టి ఇంజన్ విప్పించే ముందు ఇలాంటి ఆయిల్ ఒకటి ప్రయత్నించడం నా దృష్టిలో సబబే. వేళకి ఆయిల్ మార్పించే, ఆయిల్ తాగని బండికి మాత్రం అదనంగా ఒరిగేదేమీ లేదు. ప్రయత్నించేవాళ్లు మొదటి ఒకటి రెండు సార్లు ఆయిల్‌నీ ఫిల్టర్‌నీ మామూలు కంటే త్వరగా మార్చేయండి, ఊడిన మడ్డి చేరేది వాటిలోకే.