నడకకి గంట దొరికింది సరే, ఆ గంట ఎక్కడి నుంచి తీశారు? షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్ళ అపోహలు - వాస్తవాలు

"రోజూ పొద్దున్నే గంట నడుస్తాను డాక్టర్ గారూ, ఒక్కరోజు కూడా మానను, అయినా షుగర్ బోర్డర్‌లోకి ఎందుకొచ్చింది?" రిపోర్టు నా చేతిలో పెట్టి చాలామంది అడిగే మొదటి ప్రశ్న ఇదే. దీనికి నేను వెంటనే జవాబు చెప్పను. తెల్ల కాగితం మీద 24 గడులు గీసి ఇస్తాను. నిన్న పడుకున్నది ఎన్ని గంటలు, కూర్చున్నది ఎన్ని, కదిలింది ఎన్ని, గుర్తు చేసుకుని నింపమంటాను.

ఈమధ్య ఒకాయన అలాగే నింపారు. వయసు 46, రోజంతా కంప్యూటర్ ముందు పని. నడకకి ఒక గడి. స్నానం, తయారవడం, ఇంటి పనులు అన్నీ కలిపి 3. నిద్రకి 5. మిగిలిన 15 గడులూ కూర్చున్నవే: ఆఫీసు, రానూపోనూ ప్రయాణం, భోజనాలు, రాత్రి ఫోను. ఆయన పెన్ను మూతతో ఆ 15 గడులనీ ఒక్కొక్కటే లెక్కపెట్టారు, నమ్మకం కుదరక మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టారు. వాకింగ్‌కి అలారం ఎన్నింటికి పెడతారని అడిగాను. నాలుగున్నరకి అన్నారు. పడుకునేది పదకొండున్నరకి. అంటే ఆ గంట నడకని ఆయన నిద్రలోంచి తీసుకుంటున్నారు, కూర్చునే 15 గంటల జోలికి మాత్రం ఎవరూ వెళ్ళలేదు.

బోర్డర్ అంటే ఏమిటో ముందు చెప్తాను, ఎందుకంటే ఇక్కడే సగం గందరగోళం. అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ లెక్క ప్రకారం ఫాస్టింగ్ షుగర్ 100 నుంచి 125 మధ్య ఉన్నా, గ్లూకోజ్ తాగిన 2 గంటలకి 140 నుంచి 199 మధ్య ఉన్నా, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉన్నా దాన్ని ప్రీ-డయాబెటిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం ఫాస్టింగ్‌ని 110 నుంచి మొదలుపెడుతుంది. అందుకే ఫాస్టింగ్ 105 వచ్చిన మనిషికి ఒక డాక్టర్ నార్మల్ అనీ ఇంకొకరు బోర్డర్ అనీ చెప్పే అవకాశం ఉంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పినట్టు కాదు. అమ్మానాన్నలకో తోబుట్టువులకో షుగర్ ఉన్నా, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి తగ్గినా, నడుము చుట్టుకొలత పెరుగుతున్నా, బీపీ ఉన్నా, ఇంకా బోర్డర్ దాకా రాకపోయినా ఈ కింద రాసేది మీ కోసం కూడా.

అపోహ: పొద్దున గంట నడిచేస్తే మిగతా రోజంతా కూర్చున్నా ఫర్వాలేదు.

నడక వృథా కాదు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. 2016లో 10 లక్షల మందికి పైగా వివరాలు కలిపి చూసిన ఒక పెద్ద విశ్లేషణలో, రోజుకి 60 నుంచి 75 నిమిషాలు ఓ మోస్తరు వేగంతో శ్రమ చేసేవాళ్ళకి, రోజుకి 8 గంటలకి పైగా కూర్చోవడం వల్ల పెరిగే మరణాల ముప్పు దాదాపు కనిపించలేదు. అయితే అది మరణాల లెక్క. రక్తంలో షుగర్ గంటగంటకీ ఎలా నడుస్తోందన్నది వేరే లెక్క.

తొడల్లో, పిరుదుల్లో, పిక్కల్లో ఉన్నవి శరీరంలోకెల్లా పెద్ద కండరాలు. మనం తిన్నదాంట్లోంచి వచ్చే గ్లూకోజ్‌లో పెద్ద వాటా వెళ్ళాల్సింది కండరాల్లోకే. కండరం ముడుచుకున్నప్పుడు గ్లూకోజ్‌ని లోపలికి చేరవేసే గ్లట్-4 అనే ప్రోటీన్లు కణం పైపొరకి వస్తాయి. ఇన్సులిన్ వచ్చి చెప్పినా వస్తాయి, కానీ కండరం పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్‌తో సంబంధం లేకుండా కూడా వస్తాయి. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం మానేస్తున్న మనిషికి ఇంతకంటే మంచి వార్త నాకు తెలీదు. కుర్చీలో కూర్చోగానే ఆ పెద్ద కండరాలన్నీ ఖాళీగా పడి ఉంటాయి, ఆ భారమంతా మళ్ళీ ఇన్సులిన్ మీదే పడుతుంది.

2012లో ఆస్ట్రేలియాలో అధిక బరువున్న 19 మందిని, 45 నుంచి 65 ఏళ్ళ వాళ్ళని, గ్లూకోజ్ కలిపిన పానీయం తాగించి 5 గంటలు కూర్చోబెట్టి షుగర్ చూశారు. ఇంకో రోజు అదే పానీయం, అదే కూర్చోవడం, కానీ ప్రతి 20 నిమిషాలకి లేచి 2 నిమిషాలు నింపాదిగా నడిచారు. అంతే తేడా. తాగిన తర్వాత పెరిగిన షుగర్ మొత్తం దాదాపు 24 శాతం తగ్గింది, కొంచెం వేగంగా నడిచిన రోజు దాదాపు 30 శాతం. చిన్న అధ్యయనమే, ఒక్క రోజు లెక్కే, కానీ తర్వాత ఇతరులు చేసినవి కూడా చాలావరకు ఇదే దిక్కు చూపించాయి. చెమట పట్టనక్కర్లేదు, బట్టలు మార్చనక్కర్లేదు. కనీసం అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి. ఫోన్ వస్తే లేచి మాట్లాడండి. పెద్ద సీసా పక్కనే పెట్టుకోకుండా చిన్న గ్లాసు పెట్టుకుంటే నీళ్ళ కోసమైనా లేస్తారు. మీటింగ్‌లో కదలడం కుదరకపోతే లేచి నిలబడి మడమలు పైకెత్తి దించండి, పిక్కలు పనిచేస్తాయి.

అపోహ: అందుకే నేను నిలబడి పనిచేసే టేబుల్ కొనుక్కున్నాను.

కొనుక్కుంటే మంచిదే, కానీ కదలకుండా నిలబడితే కూర్చున్నదానికంటే అదనంగా ఖర్చయ్యే కేలరీలు చాలా స్వల్పం, గంటకి పది దాకా ఉంటాయేమో. గంటల తరబడి నిలబడితే కాళ్ళ నరాలు ఉబ్బేవాళ్ళకి బాధ ఎక్కువవుతుంది. కూర్చోవడం, నిలబడటం, నడవడం మారుతూ ఉండాలి.

అపోహ: తిన్న వెంటనే కదలకూడదు, కాసేపు నడుం వాల్చాలి.

నాకు బాగా ఇబ్బంది కలిగించే అపోహ ఇది, ఎందుకంటే ఇది చెప్పేది ఇంట్లో మన మంచి కోరే పెద్దవాళ్ళే. భోజనం మొదలుపెట్టిన గంట, గంటన్నర లోపల షుగర్ పైకెక్కుతుంది. నడకతో ఎక్కువ లాభం వచ్చేది సరిగ్గా ఆ సమయంలోనే. 60 ఏళ్ళు దాటిన, షుగర్ ముప్పున్న 10 మందితో అమెరికాలో చేసి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మూడు పూటలా తిన్నాక పావుగంట చొప్పున నడిస్తే రోజు మొత్తం షుగర్ తగ్గింది. ముఖ్యంగా రాత్రి భోజనం తర్వాతి షుగర్, ఒకేసారి 45 నిమిషాలు నడిచినదానికంటే, ఈ పావుగంట నడకలతోనే బాగా అదుపులో ఉంది. పరుగెత్తమని, బరువులెత్తమని కాదు. మాట్లాడుకుంటూ నడిచే నడక చాలు. ఇందాక చెప్పిన ఆయనకి నేను మొదట మార్పించింది కూడా ఇదే, పొద్దున గంటలో అరగంట తీసేసి రెండు భోజనాల తర్వాతకి పంచాం.

అపోహ: పదివేల అడుగులు వేయకపోతే లాభం లేదు.

1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే ఒక మీటరు అమ్మకానికి వచ్చింది, దాని పేరుకి అర్థమే పదివేల అడుగుల మీటరు. ఆ అంకె వాడుకలోకి వచ్చింది అలా, డాక్టర్లు లెక్కగట్టి చెప్పింది కాదు. షుగర్ రాకుండా ఆపడంలో గట్టిగా రుజువైన లెక్క వేరే ఉంది. అమెరికాలో 3,234 మందితో జరిపి 2002లో ప్రచురించిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో లక్ష్యాలు రెండు: వారానికి 150 నిమిషాల శ్రమ, ఉన్న బరువులో 7 శాతం తగ్గడం. 80 కిలోల మనిషికి అది 5 కిలోల 600 గ్రాములు. దాదాపు మూడేళ్ళలో షుగర్ వచ్చేవాళ్ళ సంఖ్య 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్న గుంపులో తగ్గింది 31 శాతం. ఇప్పుడు రోజుకి 3 వేల అడుగులు వేస్తుంటే 5 వేలకి రండి, పదివేలు కాలేదని టెన్షన్ పడి మొత్తానికే మానేయకండి.

ఇంకో సంగతి. ఒకసారి శ్రమ చేస్తే ఇన్సులిన్ బాగా పనిచేసే ఆ గుణం ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది, తర్వాత పోతుంది. ఐదు రోజులు మానేసి శని, ఆదివారాల్లో అంతా కలిపి చేసేయడం కంటే, వరసగా రెండు రోజులకి మించి ఖాళీ లేకుండా చూసుకోవడం మేలు.

అపోహ: నేను సన్నగానే ఉన్నాను.

సన్నగా ఉండి పొట్ట లోపల, కాలేయంలో కొవ్వు ఉండొచ్చు, కండ తక్కువ ఉండొచ్చు. కండ తక్కువైతే గ్లూకోజ్ దాచుకునే చోటే తక్కువ. వారానికి రెండు రోజులు కండరాలకి పని పెట్టండి: చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం పదిసార్లు, గోడకి చేతులు పెట్టి తోయడం, మెట్లు ఎక్కడం. నడక ఒక్కటే ఈ పని చేయదు.

అపోహ: ఐదు గంటల నిద్ర నాకు అలవాటైపోయింది.

మీకు అలవాటైందేమో, మీ ఇన్సులిన్‌కి కాలేదు. నిద్ర గురించి మాట్లాడితే రోగులు నవ్వి ఊరుకుంటారు, ఏదో మర్యాదకి అడుగుతున్నానని అనుకుంటారు. 1999లో షికాగో విశ్వవిద్యాలయంలో 11 మంది ఆరోగ్యవంతులైన కుర్రవాళ్ళని వరసగా 6 రాత్రులు 4 గంటలే పడుకోనిచ్చారు. తర్వాత గ్లూకోజ్ ఎక్కించి చూస్తే, నిద్ర తీరా పడుకున్నప్పటికంటే రక్తంలోంచి అది తగ్గే వేగం దాదాపు 40 శాతం పడిపోయింది. వాళ్ళు ముసలివాళ్ళు కాదు, లావుగా ఉన్నవాళ్ళు కాదు, బోర్డర్‌లో ఉన్నవాళ్ళు అంతకన్నా కాదు. వారం కూడా గడవలేదు. సాయంత్రానికి తగ్గాల్సిన కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను తగ్గలేదు. నిద్ర తగ్గితే ఆకలి పెంచే హార్మోన్లు కూడా పెరుగుతాయి, రాత్రి పదకొండుకి ఏదో ఒకటి తినాలనిపించడం మీ మనసు బలహీనత ఒక్కటే కాదు.

ఆదివారం పగలంతా పడుకుని సరిచేసుకుంటాను అంటారు. 2019లో కొలరాడోలో సరిగ్గా ఇదే పరీక్షించారు. వారమంతా తక్కువ నిద్రపోయి వారాంతంలో ఇష్టమొచ్చినంత పడుకున్నవాళ్ళు మళ్ళీ తక్కువ నిద్రకి వెళ్ళగానే ఇన్సులిన్ పనితీరు దెబ్బతినే ఉంది. పెద్దవాళ్ళకి రాత్రికి కనీసం 7 గంటలు కావాలి. అలాగని పది గంటలు పడుకుంటే ఇంకా మంచిదని కాదు, మరీ ఎక్కువ నిద్రపోయేవాళ్ళలో కూడా షుగర్ ఎక్కువ కనిపిస్తుంది, ఆ ఎక్కువ నిద్ర వెనక చాలాసార్లు వేరే జబ్బు ఉంటుంది.

కాబట్టి నా సలహా సూటిగా: పడుకునేది పదకొండున్నరకి అయితే నాలుగున్నర అలారం తీసేయండి. నడకకి కావాల్సిన నిమిషాలు కుర్చీలోంచి తీయండి, ఫోన్‌లోంచి తీయండి, నిద్రలోంచి మాత్రం వద్దు. నైట్ షిఫ్ట్ చేసేవాళ్ళకి ఈ సలహా సరిపోదు, ఆ సంగతి నాకు తెలుసు. రాత్రిపూట శరీరం గ్లూకోజ్‌ని పగటి అంత బాగా సర్దుకోలేదు, అందుకే వాళ్ళు అర్ధరాత్రి పెద్ద భోజనం మానుకుని, పగలు చీకటి గదిలో ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఒకే సమయానికి పడుకోవాలి, పరీక్షలు ఇంకా క్రమంగా చేయించుకోవాలి.

అపోహ: గురక వస్తోందంటే గాఢనిద్ర పడుతున్నట్టే.

కాదు. పక్కన పడుకున్నవాళ్ళని అడగండి: గురక మధ్యలో ఆగిపోయి, కాసేపు నిశ్శబ్దంగా ఉండి, తర్వాత ఉక్కిరిబిక్కిరై గట్టిగా ఊపిరి తీసుకుంటున్నారా? ఒకావిడ తన భర్త గురించి నాతో అన్నమాట, "ఊపిరి మళ్ళీ వచ్చేదాకా నేను పడుకోలేనండీ." ఆయనేమో పక్కనే కూర్చుని, తనకి నిద్ర బాగానే పడుతోందంటున్నారు. 10 సెకన్లకి మించి గాలి ఆగిపోవడం రాత్రంతా పదేపదే జరిగితే అది స్లీప్ ఆప్నియా. ప్రతిసారీ ఆక్సిజన్ పడిపోతుంది, ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి, షుగర్, బీపీ రెండూ ఎక్కుతాయి. పొద్దున తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, మెడ చుట్టుకొలత 40 సెంటీమీటర్లు దాటడం ఉంటే నిద్ర పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి. ఏడు గంటలు మంచం మీద ఉన్నా ఇలాంటి నిద్ర ఏడు గంటల లెక్కలోకి రాదు.

అపోహ: మా వంశంలోనే ఉంది, ఏం చేసినా వస్తుంది.

చైనాలోని డాచింగ్‌లో 1986లో మొదలుపెట్టిన అధ్యయనంలో బోర్డర్‌లో ఉన్నవాళ్ళు 6 ఏళ్ళు అలవాట్లు మార్చుకున్నారు. 30 ఏళ్ళ తర్వాత చూసినా, మార్చుకోని గుంపు కంటే వాళ్ళకి షుగర్ రావడం దాదాపు 4 ఏళ్ళు ఆలస్యమైంది, గుండె జబ్బులు కూడా తగ్గాయి. 4 ఏళ్ళు అంటే కళ్ళకి, కిడ్నీలకి 4 ఏళ్ళు.

నడిచేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టు ఉన్నా, మామూలు నడకకే ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా ఆగిపోయి వెంటనే డాక్టర్‌కి చూపించుకోండి. ఇప్పటికే షుగర్ తగ్గించే మాత్రలు, ఇన్సులిన్ వాడుతున్నవాళ్ళు శ్రమ పెంచేముందు డోసు గురించి అడగాలి, షుగర్ మరీ పడిపోవచ్చు.

ఆ 46 ఏళ్ళాయన మూడు నెలల తర్వాత కొత్త కాగితం నింపుకుని వచ్చారు. నిద్ర ఆరున్నర, కూర్చున్నవి 12, అందులోనూ అరగంటకోసారి లేచినట్టు చిన్న చిన్న గీతలు. హెచ్‌బీఏ1సీ మాత్రం 6.2 నుంచి 6.0కి వచ్చింది, అంతేనా అని ఆయన ముఖం చిన్నబోయింది. నేను ఆ రిపోర్టు పక్కన పెట్టి కాగితమే మళ్ళీ చూశాను, ఏడో గంట నిద్ర ఎక్కడి నుంచి తేవాలా అని. రాత్రి ఫోన్ గడి ఇంకా ఒకటి మిగిలి ఉంది.