పోయిన గొంతును ఏఐ తిరిగి తేగలదా?

"పాత అడ్వెంచర్ గేమ్‌లను రీమాస్టర్ చేస్తున్నారు కదా. ఒరిజినల్ రికార్డింగులు పోయినా, డిస్కులో ఉన్న ఆడియోని ఏఐతో శుభ్రం చేస్తే అసలు గొంతు మళ్ళీ వస్తుందా?" అని ఒక పాఠకుడు అడిగారు. రాదు. వినడానికి బాగుండే గొంతు ఒకటి వస్తుంది. కానీ ఆ రోజు స్టూడియోలో మైకు పట్టుకున్న గొంతు అది కాదు.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ వెస్ట్‌వుడ్ స్టూడియోస్ 1997లో తీసుకొచ్చిన బ్లేడ్ రన్నర్ గేమ్. నాలుగు సీడీల గేమ్. 2003లో లాస్ వేగాస్‌లోని ఆ స్టూడియోని మూసి, లాస్ ఏంజెలెస్‌కు తరలించినప్పుడు ఆ గేమ్ సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రోగ్రాము), మూల ఫైళ్ళు పోయాయి. మిగిలింది జనం కొనుక్కున్న సీడీలే. ఆ సీడీల్లో ఉన్నది రికార్డింగు కాదు, బాగా కుదించిన దాని నకలు. ఎలా కుదించారో చూద్దాం, నాకు చాలా ఇష్టమైన పద్ధతి అది.

మామూలు సీడీ సంగీతంలో సెకనుకు 44,100 సార్లు ధ్వని తరంగం ఎత్తును కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. ఈ గేమ్‌లో మాటలకు 22,050 కొలతలే, ఒక్కో కొలతకు 4 బిట్లే. నాలుగు బిట్లంటే 16 అంకెలు. 16 బిట్లతో 65,536 మెట్లలో రాసే ధ్వనిని 16 అంకెలతో ఎలా చెప్తారు?

ఒక డ్యామ్ నీటిమట్టాన్ని రోజూ కబురు చేయాలనుకోండి. పూర్తి అంకె పంపకుండా, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఒక్కటే పంపుతారు. దానికి పదహారే మాటలు: ఎనిమిది పెరిగిందని, ఎనిమిది తగ్గిందని. మరి వేసవిలో తేడా అంగుళాల్లో ఉంటుంది, వరదలో అడుగుల్లో ఉంటుంది కదా? అందుకని కొలబద్దే మారుతుంటుంది. నిన్న పెద్ద మాట వాడితే ఇవాళ కొలబద్ద పెద్దదవుతుంది, చిన్న మాట వాడితే కాస్త చిన్నదవుతుంది. కొలబద్ద మారిందని విడిగా కబురు పెట్టే పనే లేదు. చివరి మాటను బట్టి ఇటువాళ్ళూ అటువాళ్ళూ ఒకే లెక్క వేసుకుంటారు. ఇంకో తెలివి కూడా ఉంది. పంపేవాడు తేడాను నిన్నటి అసలు మట్టం నుంచి తీయడు, అవతలివాడు నిన్న రాసుకున్న మట్టం నుంచి తీస్తాడు. అందువల్ల ఇవాళ్టి తప్పు రేపటి కబురులో సర్దుకుంటుంది, పేరుకుపోదు.

దీన్నే ఏడీపీసీఎం అంటారు. ఈ గేమ్‌లో వాడిన రకంలో ఆ కొలబద్దకు 89 మెట్లు. అన్నిటికన్నా చిన్నది 7, పెద్దది 32,767. ఒక్కో మెట్టు కిందిదానికన్నా దాదాపు పది శాతం పెద్దది. అతి పెద్ద మాట వాడితే ఒక్కసారే 8 మెట్లు ఎక్కుతుంది, అంటే కొలబద్ద రెట్టింపు దాటుతుంది. చిన్న మాటకు ఒక్క మెట్టే దిగుతుంది.

ఇప్పుడు డ్యామ్‌కు రాత్రికి రాత్రే వరద వచ్చింది. కొలబద్ద ఇంకా అంగుళాల్లోనే ఉంది. మొదటి రోజు ఎంత గట్టిగా చెప్పినా అసలు మట్టం అందదు, కొన్ని రోజులు వెనకబడే ఉంటారు. మాటల్లో "ప", "ట", "క"లు అలాంటి వరదలే. నిశ్శబ్దం తర్వాత మూసుకున్న పెదవులో, అంటుకున్న నాలుకో ఒక్కసారిగా విడుతుంది. అట్టడుగు మెట్టు నుంచి పై మెట్టు దాకా వెళ్ళడానికి 11 కొలతలు, అంటే సుమారు అర మిల్లీసెకను పడుతుంది. ఈలోగా ఆ శబ్దం అంచు అరిగిపోతుంది. "స" సంగతి వేరు. అందులో మట్టం ప్రతి కొలతకూ ఎగిరెగిరి పడుతుంది కాబట్టి కొలబద్ద ఎప్పుడూ పెద్దదే, దాంతో చిన్న తేడాలన్నీ గల్లంతు. పైగా సెకనుకు 22,050 కొలతలు తీస్తే అందులో సగం, అంటే 11,025 హెర్ట్జ్ పైనున్న ధ్వని అసలు నమోదే కాదు. పాత ఫోన్లలో 3,400 హెర్ట్జ్ దగ్గరే కోసేసేవారు కాబట్టి "స"కీ "ఫ"కీ తేడా తెలియక, పేరులో అక్షరాలు విడివిడిగా చెప్పాల్సి వచ్చేది. మన ఇంజినీరింగ్ క్లాసుల్లో ఈ శాంప్లింగ్ సూత్రాన్ని బోర్డు మీద రాసి మార్కుల కోసం బట్టీ పట్టిస్తారు. ఒకే వాక్యాన్ని 8,000 కొలతలతో, 44,100 కొలతలతో పక్కపక్కనే వినిపిస్తే పది నిమిషాల్లో జన్మంతా గుర్తుండిపోతుంది.

అసలు విషయం ఇక్కడే ఉంది. వేర్వేరు నీటిమట్టాల వరసలు ఎన్నో ఒకే కబురుగా మారగలవు. కబురు ఒక్కటే మిగిలితే, దాని వెనక ఏ వరస ఉందో ఎవరూ తేల్చలేరు. ఏఐ వేల గొంతులు విని నేర్చుకున్నది కాబట్టి వాటిలో నమ్మదగ్గ వరస ఒకటి ఊహించి ఇస్తుంది. ఫొటోని పెద్దది చేసేకొద్దీ కొత్త వివరాలు బయటపడతాయని సినిమాలు మనకు నేర్పిన మూఢనమ్మకం ఒకటుంది. ఈ గేమ్‌కు మూలమైన బ్లేడ్ రన్నర్ సినిమాలోనే అలాంటి యంత్రం కనిపిస్తుంది. బొమ్మైనా గొంతైనా, నమోదు కానిది లోపల దాక్కుని ఉండదు.

బొమ్మల విషయంలో ఇది రుజువైంది కూడా. పాత గేమ్‌లను మళ్ళీ తీసుకొచ్చే నైట్‌డైవ్ స్టూడియోస్ 2022 జూన్‌లో ఈ గేమ్‌కు ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్ విడుదల చేసింది. మూల వీడియోలు లేవు కాబట్టి సీడీలోని వీడియోలనే నునుపు చేసి, మధ్య ఫ్రేములు కల్పించి నింపారు. వివరాలు అలుక్కుపోయాయని ఆటగాళ్ళు గట్టిగానే విమర్శించారు.

సంగీతానికి మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 1998 నాటి గ్రిమ్ ఫాండాంగో అనే అడ్వెంచర్ గేమ్‌ను 2015లో రీమాస్టర్ చేసినప్పుడు, పీటర్ మెకానెల్ కూర్చిన సంగీతాన్ని మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రా మళ్ళీ వాయించింది. స్వరాలు తెలిస్తే మళ్ళీ వాయించొచ్చు, అది నిజాయితీగా కొత్త రికార్డింగే అవుతుంది. నటుడి గొంతుకు అలాంటి స్వరలిపి లేదు.

నా మటుకు నాకు, పాత గేమ్‌లను కొత్త కంప్యూటర్లలో ఆడించే ప్రోగ్రాము తయారుచేసే స్కమ్‌వీఎం బృందం బ్లేడ్ రన్నర్‌కు చేసిన పనే ఎక్కువ నచ్చింది. సోర్స్ కోడ్ లేకుండానే, ఏళ్ళ తరబడి ప్రోగ్రామును విప్పి చదివి, 2019లో ఆ పాత ఫైళ్ళనే ఈనాటి కంప్యూటర్లలో నడిపించారు. గొంతుల్లో దేన్నీ కల్పించలేదు. అలా విప్పుతుంటే, రికార్డు చేసి గేమ్‌లో వాడకుండా వదిలేసిన సంభాషణలు అవే సీడీల్లో దొరికాయి. వాటిని అసలు గేమ్‌లో కలిపేయకుండా, కావాలనుకున్నవాళ్ళు ఎంచుకునేలా విడిగా పెట్టారు.